ఇఫ్ ఉన్నచోట విల్ ఎందుకు రాదు?

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో అడ్వర్బ్ క్లాజ్ అనగానే ఇద్దరూ ఠక్కున మాట మార్చేశారు. నోటితో చెబితే ఎక్కే విషయం కాదులెమ్మని రాస్తున్నాను.

మీ తెలుగు వాచకంలో ఇది మీరు చదివేసిందే. 'వాన పడితే మ్యాచ్ ఆగిపోతుంది' అన్నప్పుడు అసలు కబురు మ్యాచ్ ఆగిపోవడం. ఏ షరతు మీద ఆగుతుందో 'వాన పడితే' చెబుతోంది. దాన్ని మాస్టారు చేదర్థకం అంటారు. 'వాన పడినా ఆగలేదు' అంటే అప్యర్థకం. ఇంగ్లీషులోకి వెళ్తే ఈ రెండూ అడ్వర్బ్ క్లాజులే. ఎప్పుడు, ఎందుకు, ఎక్కడ, ఏ షరతు మీద అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడమే వాటి పని.

తేడా అల్లా ముడి ఎక్కడ వేస్తామన్నదే. మనం క్రియ చివర వేస్తాం: పడితే, పడినా, పడినప్పుడు, పడేదాకా. ఇంగ్లీషులో ఇఫ్, దో, వెన్, అంటిల్ లాంటి మాట ముందే వచ్చేస్తుంది. దాని తర్వాత కర్త, కాలం తెలిపే పూర్తి క్రియ రావాలి. 'ఇఫ్ ఇట్ రెయిన్స్, ద మ్యాచ్ విల్ స్టాప్.' ఆ 'ఇట్' ఎవరని అడక్కండి, కర్త కుర్చీ ఖాళీగా ఉండకూడదని కూర్చోబెట్టారంతే!

ఇప్పుడు విల్ సంగతి. 'వెన్ ఐ విల్ రీచ్ హైదరాబాద్, ఐ విల్ కాల్ యూ' అని మనవాళ్లు ధారాళంగా అనేస్తారు. రేపటి సంగతి కాబట్టి రెండుచోట్లా విల్ ఉండాలనిపిస్తుంది. కానీ తెలుగులో మనం ఏమంటాం? 'చేరాక ఫోన్ చేస్తాను.' 'చేరాక'లో రేపు ఎక్కడుంది? 'చేస్తాను'లోనే ఉంది. ఇంగ్లీషూ అంతే, విల్‌ను అసలు వాక్యానికే ఉంచి, వెన్, ఇఫ్, బిఫోర్, ఆఫ్టర్, అంటిల్ ఉన్న భాగంలో మామూలు ప్రెజెంట్ వాడుతుంది: 'వెన్ ఐ రీచ్.' బికాజ్‌కు మాత్రం ఈ నిషేధం లేదు. 'ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మినిట్' అని ఎవరైనా అంటే అది మర్యాదగా అడగడం, దాన్ని చూసి కంగారుపడకండి.

'చదవకపోతే ఫెయిలవుతావు' అన్నదాన్ని 'అన్‌లెస్ యూ డోంట్ స్టడీ' అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. 'కపోతే' అంతా అన్‌లెస్ లోపలే ఉంది, 'అన్‌లెస్ యూ స్టడీ' చాలు. 'నేను రానంతవరకు' అన్నది మనసులో పెట్టుకుని 'అంటిల్ ఐ డోంట్ కమ్' అనడం కూడా ఇదే బాపతు. దో పెడితే బట్ అక్కర్లేదు. ఊతం కావాలనిపిస్తే యెట్ పెట్టుకోండి.

నాకు అన్నిటికన్నా సరదా సిన్స్. 'సిన్స్ షీ లెఫ్ట్, ద హౌస్ హాజ్ బీన్ క్వైట్.' ఆమె వెళ్లినప్పటి నుంచా, వెళ్లింది కాబట్టా? రెండూ కుదురుతాయి. పక్క వాక్యాలు చూస్తేగానీ తేలదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. వెన్ కనిపించగానే అడ్వర్బ్ క్లాజ్ అని టిక్కు పెట్టేయకండి. 'ఐ లెఫ్ట్ వెన్ హీ కేమ్'లో ఎప్పుడు వెళ్లానో చెబుతోంది, అది మనదే. 'ఐ నో వెన్ హీ కేమ్'లో నాకు తెలిసిన సంగతేమిటో చెబుతోంది, కాబట్టి నౌన్ క్లాజ్. కామా గొడవ చిన్నదే: క్లాజ్ ముందొస్తే పెట్టండి, వెనకొస్తే మామూలుగా అక్కర్లేదు.

ఈ రెండు వాక్యాలూ ఇంగ్లీషులో రాసి అమ్మ ఫోన్‌లో ఫొటో తీసి పంపండి. 'అమ్మ వంట చేస్తుండగా కరెంటు పోయింది.' 'మీరొస్తున్నారని తెలిసుంటే స్టేషన్‌కు వచ్చేవాణ్ణి.' రెండోదానిలో ఇఫ్ తర్వాత హ్యాడ్ కావాలి, ఎందుకో ఆలోచించండి.

ఇట్లు,
తాతయ్య