సున్నా దగ్గర తడబాటు: రిఫరెన్స్ కౌంట్ వెనక కథ

అపాచీ వెబ్ సర్వర్ 2.0 కాలంలో మాడ్ మెమ్ క్యాష్ అనే మాడ్యూల్ ఒకటి ఉండేది. జనం మాటిమాటికీ అడిగే పేజీలను డిస్క్ దాకా వెళ్లకుండా మెమరీ నుంచే ఇచ్చెయ్యడం దాని పని. ఒకే పేజీని ఒకేసారి పది థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో, ఒకే మెమరీని పంచుకుంటూ పక్కపక్కనే నడిచే పనులు) పంపుతూ ఉండొచ్చు కాబట్టి, క్యాష్‌లో ఉన్న ప్రతి ఆబ్జెక్ట్‌కూ ఎంతమంది వాడుతున్నారో చెప్పే ఒక కౌంట్ ఉండేది. రిఫరెన్స్ కౌంట్ అంటే ఇదే. పని అయిపోయిన థ్రెడ్ రెండు పనులు చేసేది. మొదట కౌంట్‌లోంచి ఒకటి తీసేసేది. తర్వాత కౌంట్ సున్నా అయిందేమో చూసి, అయితే ఆ మెమరీని వదిలేసేది. తీసెయ్యడం ఆటమిక్‌గానే, అంటే మధ్యలో ఇంకొకరు దూరకుండానే జరిగేది. అయినా ఆ కోడ్‌లో బగ్ ఉంది.

కౌంట్ 2 ఉందనుకోండి. మొదటి థ్రెడ్ ఒకటి తీసింది, 1 మిగిలింది. అది సున్నా పరీక్ష దాకా వెళ్లేలోపు రెండో థ్రెడ్ కూడా ఒకటి తీసింది, ఇప్పుడు 0. మొదటి థ్రెడ్ చూసింది: సున్నా. మెమరీ వదిలేసింది. రెండో థ్రెడ్ కూడా చూసింది: సున్నా. అదే మెమరీని మళ్లీ వదిలేసింది. ఒకే శవానికి రెండుసార్లు దహనం. దిద్దుబాటు చాలా చిన్నది: కౌంట్‌ను మళ్లీ చదవకుండా, తగ్గించే ఆపరేషన్ తిరిగిచ్చిన జవాబునే నమ్మాలి. సున్నాకు చేర్చింది నువ్వేనా కాదా అనేది ఆ జవాబులోనే ఉంటుంది, అదీ ఒక్కరికే దక్కుతుంది. మల్టీథ్రెడింగ్ బగ్‌ల మీద తర్వాత జరిగిన పరిశోధనల్లో ఈ రెండు లైన్లు పాఠంలా వాడుకలోకి వచ్చాయి.

రిఫరెన్స్ కౌంటింగ్ పుట్టినప్పుడు ఈ టెన్షన్ ఏమీ లేదు. 1960లో జార్జ్ కాలిన్స్ లిస్టులను నిర్వహించడానికి ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. అదే ఏడాది జాన్ మెకార్తీ లిస్ప్ భాష కోసం గార్బేజ్ కలెక్షన్‌ను, అంటే ఎవరూ వాడని మెమరీని వెతికి వెనక్కి తీసుకునే పద్ధతిని, వివరించాడు. ఒకదాన్నొకటి పట్టుకుని చక్రంలా తిరిగే ఆబ్జెక్ట్‌ల కౌంట్ ఎప్పటికీ సున్నా కాదని 1963 నాటికే తేలింది. చాలాకాలం ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపంగా అందరూ చెప్పుకున్నది దాన్నే. ఒకే సంఖ్యను ఇద్దరు ఒకే క్షణంలో మారుస్తారన్న ఊహకు అప్పట్లో చోటే లేదు.

సర్వర్లలో కూడా ఈ ప్రశ్న ఆలస్యంగానే వచ్చింది. పాత యూనిక్స్ పద్ధతిలో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్. ఎవరి మెమరీ వాళ్లది, ఎవరి కౌంట్ వాళ్లది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడిగా పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం 1995లో వచ్చింది. ఒకే యంత్రం మీద పదివేల కనెక్షన్లను ఎలా మోయాలన్న చర్చ 1999లో ఊపందుకుంది. అపాచీ 2.0 అందరి చేతికీ వచ్చింది 2002లో, థ్రెడ్లతో నడిచే వర్కర్ పద్ధతిని వెంటబెట్టుకుని. ప్రాసెస్‌ల ప్రపంచంలో ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచిన లైబ్రరీలు థ్రెడ్ల కిందికి రాగానే తడబడ్డాయి. వాటి కోడ్ ఒక్క అక్షరం మారలేదు, చుట్టూ ఇల్లే మారిపోయింది.

"కౌంట్‌ను ఒకటి పెంచు" అని మనం రాసే లైను ప్రాసెసర్‌కు ఒక్క పని కాదు, మూడు పనులు. చదవాలి, కలపాలి, తిరిగి రాయాలి. కౌంట్ 5 ఉండగా ఇద్దరూ 5 అని చదివి, ఇద్దరూ 6 అని రాస్తే ఒక పెంపు గాల్లో కలిసిపోయినట్టే. ఆ తర్వాత అందరూ బుద్ధిగా తగ్గించుకుంటూ వస్తే, ఇంకా ఒకరు వాడుతుండగానే కౌంట్ సున్నా అవుతుంది. ఇది బయటపడేది రద్దీ ఉన్నప్పుడే. కారణం వెతుకుదామని ఒక లాగ్ లైను పెడితే టైమింగ్ మారిపోయి బగ్ మాయమవుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇది కొత్తేం కాదు.

ప్రాసెసర్లు ఇక్కడ కొంత సాయం చేశాయి. ఇంటెల్ 386లో లాక్ పెట్టి, అంటే మధ్యలో ఇంకొకరు దూరకుండా, కౌంట్ పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఫలితం సున్నానా, రుణమా, ధనమా అన్నది ఫ్లాగుల (ప్రాసెసర్ ఫలితాన్ని గుర్తుపెట్టుకునే బిట్ల) ద్వారా తెలుస్తుంది. కౌంట్ మారుస్తూనే పాత విలువను తిరిగిచ్చే ఇన్‌స్ట్రక్షన్ మాత్రం 486తోనే వచ్చింది. అందుకే విండోస్ 95లో ఇంటర్‌లాక్డ్ ఇంక్రిమెంట్, డిక్రిమెంట్ ఫంక్షన్లు తిరిగిచ్చే సంఖ్యకు గుర్తు (సున్నానా, రుణమా, ధనమా) వరకే హామీ, అసలు విలువకు లేదు. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ, రిఫరెన్స్ కౌంట్‌కు అంతకంటే అక్కర్లేదు. సున్నా అయిందా లేదా అన్నదొక్కటే కావాలి. ఆ మాడ్ మెమ్ క్యాష్ కోడ్ చేతికొచ్చిన ఆ జవాబునే పక్కన పడేసింది.

ఓపెన్ఎస్ఎస్ఎల్ కథ నన్ను ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్లు నడిపే సర్వర్లలో చాలావాటికి ఆధారం ఈ లైబ్రరీయే. ఇందులో సెషన్లకు, సర్టిఫికెట్లకు, కీలకు అన్నింటికీ రిఫరెన్స్ కౌంట్లు ఉంటాయి. అయితే 1.1.0 వెర్షన్‌కు ముందు, ఆ కౌంట్లను కాపాడే లాక్‌ను లైబ్రరీ తనంతట తాను పెట్టుకునేది కాదు. అప్లికేషన్ రాసేవాళ్లే లాక్ వేసే ఫంక్షన్‌ను రాసి దానికి అప్పగించాలి. అప్పగించకపోతే ఫిర్యాదు చెయ్యదు, లాక్ లేకుండానే నడిచిపోతుంది. టెస్టింగ్‌లో అంతా బాగానే ఉంటుంది, అసలు ట్రాఫిక్ కింద ఎప్పుడో పడిపోతుంది. పైగా ఒకే ప్రోగ్రామ్‌లో రెండు లైబ్రరీలు ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను వాడుతుంటే ఆ ఫంక్షన్‌ను ఎవరు అప్పగించాలి? ఇద్దరూ అప్పగిస్తే ఎవరిది నిలవాలి? 2016 ఆగస్టులో విడుదలైన 1.1.0తో ఈ బాధ్యతను లైబ్రరీ తన మీద వేసుకుంది. లాక్ మర్చిపోయినా చప్పుడు చెయ్యకుండా నడిచే డిజైన్‌ను అన్నేళ్లు భరించడం నా దృష్టిలో పెద్ద పొరపాటే.

కౌంట్‌ను మార్చడం సరిగ్గా వచ్చాక అసలు చిక్కు బయటపడింది. క్యాష్ టేబుల్‌లో వెతికి ఒక ఆబ్జెక్ట్ చిరునామా పట్టుకున్నారు. ఇంకా కౌంట్ పెంచలేదు. ఆ సందులో వేరే థ్రెడ్ చివరి రిఫరెన్స్‌ను వదిలేసింది, మెమరీ పోయింది. మీరు ఇప్పుడు ఆటమిక్‌గా, నియమం తప్పకుండా, చచ్చిపోయిన ఆబ్జెక్ట్ కౌంట్‌ను 0 నుంచి 1కి పెంచుతున్నారు. పెంచే పని ఎంత ఆటమిక్‌గా చేసినా లాభం లేదు, ఎందుకంటే ఆ కౌంట్ ఉన్నది పోయిన మెమరీలోనే. అప్పటికే ఒక రిఫరెన్స్ చేతిలో ఉన్నవాడే ఇంకొకటి తీసుకోగలడు. వెతికి పట్టుకున్నవాడికి ఆ హక్కు వేరే చోటు నుంచి రావాలి.

దానికి ఒక దారి, వెతకడం, పెంచడం రెండూ టేబుల్ లాక్ కిందే చెయ్యడం. ఇంకో దారి లైనక్స్ కెర్నల్‌ది, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయది. సున్నా కాకపోతేనే పెంచు అనే ఆపరేషన్ ఒకటి, దానికి తోడు 2002లో కెర్నల్‌లోకి వచ్చిన ఆర్‌సీయూ. చదువుతున్నవాళ్లు బయటికి వచ్చేదాకా ఆర్‌సీయూ మెమరీని నిజంగా వదలనివ్వదు. కాబట్టి సున్నా అయిన కౌంట్‌ను తాకినా ప్రమాదం ఉండదు, "లేదు, అది పోయింది" అని తెలుసుకుని వెనక్కి రావచ్చు.

వీటన్నిటికీ తోడు ఎవరూ పెద్దగా పట్టించుకోని మూల ఒకటి ఉండేది: కౌంట్ పైకి ఎంతదాకా వెళ్తుంది? రహస్య కీలను దాచే లైనక్స్ కీరింగ్ కోడ్‌లో ఒక దారిలో పెంచిన కౌంట్‌ను తగ్గించడం మర్చిపోయారు. మామూలుగా అయితే అది కాస్త మెమరీ వృథా, అంతే. కానీ 32 బిట్ల కౌంట్‌ను కావాలని నాలుగు వందల కోట్లకు పైగా సార్లు పెంచితే అది తిరిగి సున్నాకు వస్తుంది. 2016 జనవరిలో పరిశోధకులు మామూలు కంప్యూటర్ మీద సుమారు అరగంటలో ఆ పని చేసి, సాధారణ యూజర్ నుంచి రూట్ అధికారం (యంత్రం మీద పూర్తి పట్టు) దాకా వెళ్లి చూపించారు. మరుసటి ఏడాది 4.11 కెర్నల్‌లో రిఫరెన్స్ కౌంట్ కోసమే ఒక ప్రత్యేక టైప్ వచ్చింది. పై అంచుకు చేరితే అది అక్కడే గడ్డకట్టిపోతుంది. సున్నా నుంచి పెంచబోతే హెచ్చరిస్తుంది. మెమరీ లీకైనా పర్వాలేదు గానీ పోయినదాన్ని వాడనివ్వకూడదన్న ఎంపిక అది.

ఇక వేగం సంగతి. కౌంట్ సరిగ్గా ఉన్నా, దాన్ని మార్చే ప్రతి కోర్ అది ఉన్న క్యాష్ లైన్‌ను (మెమరీలోని చిన్న ముక్కను) తన దగ్గరికి లాక్కోవాలి. 2010లో ఎంఐటీ పరిశోధకులు 48 కోర్ల యంత్రం మీద అపాచీ, మెమ్‌క్యాష్‌డ్ లాంటివి నడిపి లైనక్స్ ఎక్కడ బిగుసుకుంటోందో వెతికారు. దొరికిన కారణాల్లో కొన్ని సరిగ్గా ఇవే: డైరెక్టరీ ఎంట్రీల మీద, నెట్‌వర్క్ రూట్ల (ప్యాకెట్లు వెళ్లే దారుల) మీద ఉన్న రిఫరెన్స్ కౌంట్లు. ప్రతి ప్యాకెట్ ఒకే రూట్ ఆబ్జెక్ట్‌ను ముట్టుకుంటుంటే కోర్లు పెరిగినా పని పెరగదు. ప్రతి కోర్ దగ్గర కొన్ని రిఫరెన్స్‌లను విడిగా అట్టిపెట్టుకునే కౌంటర్లను వాళ్లు పెట్టి చూశారు. అసలు కౌంట్‌ను తాకాల్సిన అవసరం బాగా తగ్గింది.

భాషలు ఒక్కోటి ఒక్కో దారి పట్టాయి. రస్ట్‌లో రెండు రకాలున్నాయి, మామూలు కౌంట్‌తో ఒకటి, ఆటమిక్ కౌంట్‌తో ఇంకొకటి. మామూలుదాన్ని వేరే థ్రెడ్‌కు పంపబోతే ప్రోగ్రామ్ కంపైలే కాదు. సీ ప్లస్ ప్లస్ స్ట్రింగుల్లో కాపీలన్నీ ఒకే బఫర్‌ను పంచుకునే పాత పద్ధతికి 2011 ప్రమాణం తెర దించింది. జీసీసీ కంపైలర్ 2015లో వచ్చిన 5వ వెర్షన్‌తో దాన్ని వదిలేసింది.

పైథాన్ అయితే చాలా ఏళ్లు ఒక్క పెద్ద లాక్ వెనక తలదాచుకుంది. ఆ లాక్‌ను తీసెయ్యడానికి 1990లలోనే ఒక ప్రయత్నం జరిగింది. కౌంట్లను కాపాడుకోవడానికే ఒకే థ్రెడ్‌తో నడిచే ప్రోగ్రామ్‌లు బాగా నెమ్మదించి, అది నిలవలేదు. 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో ప్రయోగాత్మకంగా లాక్ లేని రూపం వచ్చింది. అందులో ఒక్కో ఆబ్జెక్ట్‌కు రెండు కౌంట్లు: సృష్టించిన థ్రెడ్ వాడుకునే మామూలుది ఒకటి, మిగతా థ్రెడ్లన్నిటికీ కలిపి ఆటమిక్‌ది ఒకటి. ఎక్కువ ఆబ్జెక్ట్‌లు పుట్టిన థ్రెడ్ దాటి బయటికే రావు కాబట్టి, ఖరీదైన రెండోదాన్ని ముట్టుకునే పని అరుదు. ట్రూ, ఫాల్స్, నన్ లాంటి వాటికి అంతకుముందే, 3.12లోనే, కౌంట్ మార్చడం మానేశారు. ఎప్పటికీ పారెయ్యని ఆబ్జెక్ట్‌ను ఎంతమంది పట్టుకున్నారో లెక్కపెట్టి చేసేదేముంది?