సోడియం పంప్ సబ్‌యూనిట్లు: అపోహలు - వాస్తవాలు

మేక కిడ్నీ నుంచి సోడియం పొటాషియం పంప్ (సెల్ పైపొరలో ఉండి సోడియంని బయటికి, పొటాషియంని లోపలికి తోసే ప్రొటీన్) తీసి దాని స్పీడ్ కొలవడం మీదే నా పీహెచ్‌డీ, ఇప్పటికీ అదే పని. కొత్తగా ల్యాబ్‌కి వచ్చే ఎంఎస్సీ పిల్లలు దాని గురించి దాదాపు ఈ కింది అపోహలే చెప్తారు. వాళ్ళ తప్పేం లేదు, పుస్తకంలో పంప్ అంటే ఒక డబ్బా బొమ్మ వేసి 3 సోడియం బయటికి, 2 పొటాషియం లోపలికి, 1 ఏటీపీ (సెల్‌కి శక్తినిచ్చే అణువు) ఖర్చు అని రాసి వదిలేస్తారు. నిజానికి ఆ డబ్బా ఆల్ఫా, బీటా అనే ముక్కలు (సబ్‌యూనిట్లు) కలిస్తే తయారయ్యేది.

అపోహ: పనంతా ఆల్ఫాదే, బీటా ఊరికే పక్కన ఉంటుంది.

ఏటీపీ అతుక్కునేది, అయాన్లు దాటేది ఆల్ఫాలోనే, అంతవరకు నిజం. కానీ బీటా లేకపోతే ఆల్ఫా సరిగ్గా మడతపడదు, సెల్ పైపొర దాకా చేరదు. పైగా బీటాలో రకాలున్నాయి, బీటా1 ఉండాల్సిన చోట బీటా2 వస్తే పొటాషియం మీద పట్టు తగ్గుతుంది, ఆల్ఫా అదే అయినా సరే. కిడ్నీలో గామా అని ఇంకో చిన్న ప్రొటీన్ కూడా తోడుంటుంది, అది సోడియం పట్టు కొంచెం తగ్గించి ఏటీపీ పట్టు పెంచుతుంది. ఆ గామాలో 41వ అమైనో ఆమ్లం గ్లైసిన్ బదులు ఆర్జినిన్‌గా మారిన కుటుంబాల్లో మెగ్నీషియం మూత్రంలో పోయి రక్తంలో తగ్గిపోతుంది.

అపోహ: ఏటీపీ పెంచుతూ పంప్ స్పీడ్ గీసిన కర్వ్‌లో రెండు దశలు కనిపిస్తే రెండు ఆల్ఫాలు జంటగా ఒకదాన్నొకటి నడుపుతున్నట్టే.

ఇది నేనూ నమ్మాను, అందుకే కొంచెం వివరంగా చెప్తా. కిడ్నీని ఐస్ మీద పెట్టి బ్లేడుతో కోస్తే లోపల ముదురు ఎరుపు పట్టీ ఒకటి కనిపిస్తుంది, పంప్ ఎక్కువగా ఉండేది అక్కడే, దాన్ని నూరి మెంబ్రేన్ తీస్తాం. అందులోని పంప్ ఎంజైమ్‌కి మైక్రోమోలార్ (చాలా కొద్దిగా) ఏటీపీ ఇచ్చి సోడియం మాత్రమే ఉంచితే నెమ్మదిగా నడుస్తుంది, అందులో పొటాషియం కలిపితే ఇంకా పడిపోతుంది! అదే ట్యూబ్‌లో ఏటీపీ మిల్లీమోలార్‌కి (మైక్రోమోలార్‌కి వెయ్యి రెట్లు) పెంచితే అదే పొటాషియం స్పీడ్‌ని ఎన్నో రెట్లు పెంచుతుంది. ఆ గ్రాఫ్ చూసి నాకు డైమర్ (ఆల్ఫాల జంట) దొరికిందనుకుని రెండు సైట్ల (ఏటీపీ అతుక్కునే చోట్ల) ఈక్వేషన్ ఫిట్ చేసి మా గైడ్ గారికి చూపించాను, ఆయన ఒక్కటే అడిగారు, ఒకే సైట్ రెండుసార్లు వాడుకుంటే కర్వ్ ఎలా ఉంటుందమ్మా అని.

అదే విషయం. పంప్ ఈ1, ఈ2 అనే రెండు రూపాల మధ్య మారుతూ ఉంటుంది. ఏటీపీ మొదట ఈ1 రూపానికి గట్టిగా అతుక్కుని ఆల్ఫాలోని 369వ అమైనో ఆమ్లం ఆస్పార్టేట్‌కి ఫాస్ఫేట్ ఇస్తుంది, దీనికి చాలా తక్కువ ఏటీపీ చాలు. తర్వాత పొటాషియం పట్టుకుని మూసుకుపోయిన ఈ2 రూపం తనంతట తాను తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అక్కడ ఏటీపీ వదులుగా అతుక్కున్నా చాలు, తెరుచుకునే స్పీడ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది, కానీ ఆ వదులు పట్టుకి వందల మైక్రోమోలార్ కావాలి. ఒకే ఆల్ఫా, ఒకే సైట్, రెండు దశలు. డిటర్జెంట్‌లో కరిగించి విడదీసిన ఒంటరి ఆల్ఫా-బీటా కూడా ఏటీపీని విరుస్తుంది.

అలాగని పక్క పక్క పంపులు మాట్లాడుకోవు అని కొట్టిపారేయడం కూడా తప్పే, మెంబ్రేన్‌లో అవి కిక్కిరిసి ఉంటాయి, మిల్లీసెకన్లలో కొలిచిన కొన్ని డేటాని జంటల మోడల్‌తో వివరించినవాళ్ళు ఉన్నారు, దీని మీద వాదన ఇంకా ఉంది. నేను అనేది కర్వ్ ఆకారం ఒక్కటే రుజువు కాదు అని. హిల్ కోఎఫిషియంట్ (సైట్లు ఒకదానికొకటి ఎంత సహకరిస్తున్నాయో చూపే అంకె) కూడా అంతే, మూడు సోడియం సైట్లు ఒకే ఆల్ఫాలో ఉన్నాయి కదా, అది 1 దాటినంత మాత్రాన సబ్‌యూనిట్లు లెక్కపెట్టకూడదు.

అపోహ: గుండెలో ఫాస్ఫోలాంబన్ అనే చిన్న ప్రొటీన్ కాల్షియం పంప్‌ని ఆపేస్తుంది.

ఆపదు. కాల్షియం మీద పట్టు తగ్గిస్తుంది, అందుకే కాల్షియం తక్కువ ఉన్నప్పుడే ఆ బ్రేక్ తెలుస్తుంది, బాగా ఎక్కువ ఇస్తే పంప్ మళ్ళీ దాదాపు ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంది. అడ్రినలిన్ వచ్చినప్పుడు దాని 16వ సెరీన్‌కి ఫాస్ఫేట్ పడి బ్రేక్ వదులవుతుంది, కాల్షియం త్వరగా సెల్ లోపలి నిల్వ సంచిలోకి వెళ్ళి గుండె కండరం త్వరగా సడలుతుంది, మెట్లు ఎక్కేటప్పుడు గుండె అంత వేగంగా కొట్టుకుంటూ కూడా నిండగలిగేది ఇందువల్ల కూడా.

అపోహ: ఏటీపీ వాడే పంపులన్నీ ఒకే రకం.

కాదు. తిరిగే మోటార్ లాంటి వీ రకం, ఎఫ్ రకం పంపుల్లో మూడు ఏటీపీ సైట్లు వంతులవారీగా పనిచేస్తాయి, ఒకదాని స్థితి మీద ఇంకోదాని స్పీడ్ ఆధారపడుతుంది, సబ్‌యూనిట్ల సహకారం అనే మాట అనుమానం లేకుండా వాడొచ్చంటే అక్కడే. ఆ మోటార్ గుట్టు విప్పిన బోయర్, వాకర్‌లకి, 1957లో పీత కాళ్ళ నరాల్లో సోడియం పంప్ ఎంజైమ్‌ని పట్టుకున్న స్కౌకి 1997లో కెమిస్ట్రీ నోబెల్ కలిపే ఇచ్చారు, సగం స్కౌకి, మిగతా సగం వాళ్ళిద్దరికీ.