బిందె దాకా వెళ్లి చూడాలి

పిల్లలూ,

నీళ్లు, పారిశుద్ధ్యం చూసే అధికారి రోజూ ఏం పని చేస్తారని అడిగారు. మరుగుదొడ్లు, మురుగుకాలువలు, చేతులు కడగడం నేర్పించడం, అన్నీ ఆ పనిలోవే. నేను మాత్రం తాగే నీళ్ల గురించే రాస్తాను. మిగతా చోట్ల జరిగిన తప్పులు చివరికి తేలేది అక్కడే.

నీళ్లు తేటగా ఉంటే మంచివనుకుంటాం. కలరా క్రిమి కంటికి కనబడదు, అందుకే క్లోరిన్ కలుపుతారు. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున వెయ్యి లీటర్లకు 2 గ్రాముల క్లోరిన్ కావాలి. కానీ బ్లీచింగ్ పౌడర్ అంతా క్లోరిన్ కాదు. మంచి రకంలో ఉండేది సుమారు 33 శాతమే కాబట్టి 6 గ్రాములు వేయాలి. సంచి మూతి విప్పి చెమ్మగదిలో వదిలేస్తే ఆ శక్తీ పోతుంది. గడ్డకట్టి, ఘాటు తగ్గిన పొడిని నమ్మకూడదు.

పొడిని అలాగే ట్యాంకులో గుమ్మరించకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోసి, కదపకుండా ఉంచాలి. పొడిలోని సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే వంచుకోవాలి. సున్నం కూడా వెళ్తే వాల్వులు పూడుకుపోతాయి. చేతులకు గ్లౌజులు వేసుకుని, గాలి ఆడే చోటే కలపాలి. యాసిడ్ దగ్గరకు కూడా రానివ్వకూడదు, విషవాయువు పుడుతుంది.

ఇక అన్ని నీళ్లకూ ఒకే మోతాదు సరిపోదు. నాలుగు బకెట్లలో 20 లీటర్ల చొప్పున అవే నీళ్లు పట్టి, ఒక శాతం క్లోరిన్ ద్రావణాన్ని వరుసగా 2, 4, 6, 8 మిల్లీలీటర్లు వేస్తారు. అంటే లీటరుకు 1, 2, 3, 4 మిల్లీగ్రాములు పడినట్టు. అరగంట ఆగి, ఎందులో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల దరిదాపుల్లో క్లోరిన్ మిగిలిందో చూస్తే, ఆ బకెట్ మోతాదే ఆ నీళ్లకు సరైనది. బురదనీళ్లలో క్లోరిన్ మట్టికే ఖర్చయిపోతుంది, క్రిములు మట్టి రేణువుల చాటున దాక్కుంటాయి. అలాంటి నీళ్లను ముందు పటికతో తేర్చుకోవాలి.

మిగిలిన క్లోరిన్‌ను చూసే పరీక్ష చిన్నదే. గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చేయి తగలకుండా డీపీడీ అనే పరీక్ష మాత్ర వేసి కరిగిస్తే, క్లోరిన్ ఉన్న నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగును వెంటనే కిట్‌లోని రంగులతో పోల్చాలి. ఒక్కోసారి గులాబీ రంగు తళుక్కుమని మాయమై నీళ్లు రంగు లేకుండా అయిపోతాయి. అది చూసి క్లోరిన్ లేదని రాసేస్తారు! నిజానికి క్లోరిన్ మరీ ఎక్కువై రంగునే తినేసింది. శుభ్రమైన నీళ్లు కలిపి పలచన చేసి మళ్లీ చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

నా లెక్కలో, ట్యాంకు దగ్గర పరీక్ష చేసి వెళ్లిపోతే పని సగమే అయినట్టు. ట్యాంకులో 0.5, మొదటి కుళాయిలో 0.4, చివరి కుళాయిలో సున్నా వచ్చిందనుకోండి. ఇక పైపు వెంట నడవాల్సిందే. నీళ్లు వదలని వేళల్లో పైపులో ఒత్తిడి పోతుంది. అప్పుడు చుట్టూ ఉన్న మురుగు పగుళ్లలోంచి లోపలికి చొరబడుతుంది. కాలువలో మునిగి ఉన్న జాయింటును ముందు అనుమానించాలి.

చివరి కుళాయిలోనూ 0.3 ఉండి, ఇంట్లో బిందెలో సున్నా వస్తే? కొంత క్లోరిన్ నిలవ ఉన్నకొద్దీ దానంతటదే తగ్గుతుంది. అంతకన్నా చేటు, మూతలేని బిందెలో గ్లాసుతోపాటు వేళ్లూ మునగడం. ఆ ఇంట్లోవాళ్లను తప్పుపడితే ఏమీ మారదు. వాళ్లతో కలిసి బిందె తోమి, మూత పెట్టించి, పొడుగు కాడ గరిటె వాడమని చెప్పాలి. పుస్తకంలో తేదీ, వేళ, కుళాయి, బిందె, రెండు అంకెలూ రాసుకుని, మర్నాడు అదే వేళకు వెళ్లి అదే బిందెలో నీళ్లు మళ్లీ పరీక్షించాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య