మళ్లీ కుడి సీట్లో

పిల్లలూ, ఆశీస్సులు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా తమ్ముడి మనవడు, వాడితో పాటు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివే ఇద్దరు స్నేహితులు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఒక ప్రశ్న వేశారు. "తాతయ్యా, ముందు ఎయిర్ ఫోర్స్‌లో చేరి, కొన్నాళ్లయ్యాక ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోతే పైసా ఫీజు లేకుండా పైలట్ అయిపోవచ్చు కదా?" అని. పండగ హడావిడిలో ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది. మీలో ఇంకా చాలామందికి ఇదే ఆలోచన ఉండొచ్చు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను 1983లో దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ నుంచి పైలట్‌గా బయటికొచ్చాను. 22 ఏళ్ల సర్వీసులో ఎక్కువ కాలం ఏఎన్-32 నడిపాను, అది రెండు ప్రొపెల్లర్ల రవాణా విమానం, వెనక ర్యాంప్ దించి బియ్యం బస్తాల నుంచి పారాచూట్‌తో దూకే పారాట్రూపర్ల దాకా ఏదైనా గాల్లోంచే వదిలే బండి. 2005లో ఎయిర్‌లైన్‌లో చేరి 65 నిండేదాకా అక్కడే ఉన్నాను. అంతకు మించి మన దేశంలో ఎయిర్‌లైన్ విమానం నడపనివ్వరు.

ఎందుకు బయటికొచ్చావని అందరూ అడుగుతారు. జీతం కోసమా అంటే, అదీ ఉంది, దాచుకోవాల్సిన పనిలేదు. ఆడపిల్ల చదువు మధ్యలో ఉంది, అప్పటికే ఆరు స్కూళ్లు మారింది. కానీ అసలు సంగతి ఇంకొకటి. ఫౌజ్‌లో, అంటే సైన్యంలో, పై ర్యాంకులు పిరమిడ్ లాంటివి, పైకెళ్లే కొద్దీ కుర్చీలు తగ్గుతాయి, ఉన్న కుర్చీల్లోనూ ఎగరడం తగ్గి ఫైళ్లు పెరుగుతాయి. నలభై దాటాక, ఎగిరిన గంటలు రాసుకునే నా లాగ్‌బుక్‌లో నెలలకు నెలలు ఖాళీగా కనిపించడం మొదలైంది, అది చూస్తే కడుపులో దేవినట్టు ఉండేది. అదే టైమ్‌లో దేశంలో కొత్త ఎయిర్‌లైన్స్ ఒకదాని వెంట ఒకటి పుట్టుకొచ్చాయి. 2003లో ఎయిర్ డెక్కన్, 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో. విమానాలకి ఆర్డర్లు ఇచ్చేశారు, నడిపేవాళ్లు కావాలి. ఇరవై ఏళ్లు నిండి పెన్షన్ వచ్చే మాలాంటి వాళ్లు చాలామంది అప్పుడే దరఖాస్తు పెట్టుకున్నాం. పెట్టుకున్న వెంటనే వదిలేస్తారనుకోకండి, ఎయిర్ ఫోర్స్ తన అవసరం చూసుకునే పంపిస్తుంది.

యూనిఫాం మార్చుకుని వెళ్లి కూర్చోవడమే అనుకుంటారు బయటివాళ్లు. కాదు నాయనా. ఎయిర్ ఫోర్స్‌లో పైలట్ అయినప్పుడు ఇచ్చే వింగ్స్ బ్యాడ్జికి విలువ ఉంది, కానీ అది పౌర విమానయానాన్ని చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్స్ కాదు. లాగ్‌బుక్‌లో గంటలు లెక్కలోకి వస్తాయి. ఆ పైన పరీక్షలు రాయాలి, క్లాస్ వన్ మెడికల్ చేయించుకోవాలి, రేడియో లైసెన్స్ తెచ్చుకోవాలి, తర్వాత ఏ విమానం నడపబోతున్నామో దాని మీద టైప్ రేటింగ్, అంటే సిమ్యులేటర్‌లో నేర్చుకుని పరీక్ష పాసవడం. 44 ఏళ్ల వింగ్ కమాండర్‌ని, పొద్దున నాలుగింటికి లేచి ఎయిర్ రెగ్యులేషన్స్ పుస్తకం బట్టీ పట్టేవాణ్ణి. మా ఆవిడ టీ తెచ్చిచ్చి, "మళ్లీ ఇంటర్ చదువుతున్నారా" అనేది.

ఇందులోనూ అందరి దారీ ఒకటి కాదు. రవాణా విమానాల వాళ్లకి కొంత సులువు, గంటలు ఎక్కువ, ఒకటికి మించి ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు కలిసి పనిచేసే అలవాటు ఇవన్నీ ముందే ఉంటాయి. ఫైటర్ వాళ్లు ఒక్కో సార్టీకి, అంటే ఒకసారి ఎగిరి వచ్చేదానికి, గంట ఎగిరితే ఎక్కువ, పైగా చాలావరకు కాక్‌పిట్‌లో ఒంటరిగా. ఎంత గొప్ప పైలటైనా లాగ్‌బుక్‌లో అంకె చిన్నగానే కనపడుతుంది. హెలికాప్టర్ వాళ్లకి ఎయిర్‌లైన్ తలుపు తెరుచుకోవడం ఇంకా కష్టం, వాళ్లలో చాలామంది ముంబై జుహూ నుంచో, మన రాజమండ్రి నుంచో సముద్రంలో ఉన్న చమురు రిగ్గులకి మనుషుల్ని తీసుకెళ్లే పనిలో చేరతారు. మన దగ్గర కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు, కెప్టెన్ కావడానికి కావాల్సిన లైసెన్స్‌కి 1500 గంటలు కావాలి. అమెరికాలో ఉన్న మన పిల్లలకి లెక్క వేరు. 2013 నుంచి అక్కడ కో-పైలట్‌కి కూడా 1500 గంటలు ఉండాలి, మిలిటరీ నుంచి వచ్చినవాళ్లయితే 750 ఉన్నా చాలు.

ఇప్పుడు అసలు కష్టం ఎక్కడో చెబుతాను.

మొదటి రోజు ఎయిర్‌బస్ ఏ320లో కుడి సీట్లో కూర్చోబెట్టారు. కుడి సీటు కో-పైలట్‌ది. ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఎడమ సీట్లో కూర్చుని ఎడమ చేత్తో యోక్, అంటే స్టీరింగ్ లాంటిది, పట్టుకుని, కుడి చేత్తో ఇంజిన్ పవర్ మార్చే లీవర్లు, అంటే థ్రాటిల్స్ నడిపినవాణ్ణి. ఇక్కడ యోకే లేదు, కుడి పక్కన చిన్న కర్రలాంటి సైడ్‌స్టిక్. అది కుడి చేతికి, థ్రాటిల్స్ ఎడమ చేతికి. చేతులు రెండూ తారుమారు. పైగా ఇంజిన్ పవర్ దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది, థ్రాటిల్స్ మాత్రం పెట్టిన చోటు నుంచి కదలవు. ఏఎన్-32లో ఆ లీవర్ కదలికే నాకు సగం కబురు చెప్పేది. ఇక్కడ చెయ్యి వేస్తే చచ్చుబడిన చెయ్యి పట్టుకున్నట్టు ఉండేది. వెనక్కి తిరిగి నావిగేటర్‌ని ఏదో అడగబోయేవాణ్ణి, వెనక ఎవరుంటారు, తలుపు తప్ప.

ఇవన్నీ రెండు నెలల్లో చేతికి అలవాటైపోయాయి. మనసుకి పట్టింది ఎక్కువ కాలం.

ఒక మే నెల సాయంత్రం బేగంపేటలో దిగుతున్నాం, అప్పటికి శంషాబాద్ విమానాశ్రయం ఇంకా తెరవలేదు. నేనే నడుపుతున్నాను. పక్కన కెప్టెన్‌కి ముప్పై ఏళ్లుంటాయేమో, నేను దుండిగల్‌లో చేరినప్పుడు ఆ అబ్బాయి అఆలు దిద్దుతూ ఉండుంటాడు. చుట్టూ మబ్బులు, గాలి అటూ ఇటూ మారుతోంది. వెయ్యి అడుగుల దగ్గరికి వచ్చేసరికి స్పీడు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. రన్‌వే ఎదురుగా స్పష్టంగా కనపడుతోంది. నేను సరిచేయగలను, ఆ నమ్మకం నాకు పూర్తిగా ఉంది. కుర్రాడు నెమ్మదిగా, "గో-అరౌండ్, సర్" అన్నాడు. అంటే దిగడం ఆపి, మళ్లీ పైకెళ్లి, మొదటి నుంచి రమ్మని. చెవులు వేడెక్కిపోయాయి. అయినా చెయ్యి దానంతటదే లీవర్లు ముందుకు తోసింది. పైకెళ్లాం, పన్నెండు నిమిషాల తర్వాత తిరిగొచ్చి దిగాం. క్రూ బస్సులో ఆ అబ్బాయి నా వైపు తిరిగి, "రెండోసారి బాగా దించారు, సర్" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఫౌజ్‌లో మాకు నూరిపోసింది పని పూర్తి చెయ్యడం. 1999 కార్గిల్ రోజుల్లో చండీగఢ్ నుంచి లేహ్‌కి తిండి, కిరోసిన్, మందులు మోసినప్పుడు అవతల దానికోసం ఎదురుచూసే మనుషులున్నారని తెలుసు. లేహ్ రన్‌వే పదివేల అడుగులకు పైన, చుట్టూ కొండలు, ఒకే వైపు నుంచి దిగాలి, మళ్లీ అటువైపే ఎగరాలి, మధ్యాహ్నమైతే గాలి ఊరుకోదు. అక్కడ ఒక చోటు దాటాక దిగడమే దారి. ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయినవాడికి, రన్‌వే కళ్లముందు ఉండగా వెనక్కి తిరగడం ఓటమిలా అనిపిస్తుంది. ఎయిర్‌లైన్‌లో అదే మంచి పని. గో-అరౌండ్ చేసినందుకు అక్కడ ఎవరూ సంజాయిషీ అడగరు, చెయ్యాల్సిన చోట చెయ్యకపోతేనే అడుగుతారు.

2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వానలో దిగుతూ రన్‌వే దాటి లోయలోకి జారిన విమానం మీకు గుర్తుండే ఉంటుంది, 21 మంది పోయారు. కెప్టెన్ దుండిగల్‌లో ఉత్తమ కేడెట్‌కిచ్చే స్వోర్డ్ ఆఫ్ ఆనర్ అందుకున్న మాజీ వింగ్ కమాండర్. కో-పైలట్ గో-అరౌండ్ అని చెప్పాడని, అయినా దిగడానికే సాగిందని, కో-పైలట్ కంట్రోల్ తన చేతిలోకి తీసుకుని ఉండాల్సిందని దర్యాప్తు నివేదిక రాసింది. ఫౌజీ కాబట్టి అలా జరిగిందని అందులో లేదు, నేనూ అనను. ఇద్దరు పైలట్లూ పోయారు, వాళ్ల ఇళ్లల్లో బాధ నాకు తెలుసు. కానీ ఆ నివేదిక చదివిన రోజు నాకు బేగంపేట సాయంత్రమే గుర్తొచ్చింది. చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

తర్వాత నాకూ ఎడమ సీటు వచ్చింది, ప్రయాణికులతో అదే లేహ్‌కి వెళ్లాను. ఒక రోజు గాలి పరిమితి దాటితే దిగకుండా ఢిల్లీకి తిప్పేశాను. సెలవు అయిపోయి డ్యూటీకి వెళ్తున్న జవాను ఒకడు దిగేటప్పుడు ఆగి అడిగాడు, "సార్, మీరు ఫౌజ్‌లో ఉండుంటే దించేవారా?" అని. ఇంకో చుట్టు తిరిగి చూసేవాణ్ణేమో అని నిజమే చెప్పాను. తల ఊపి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక మీ ప్రశ్న. ఫీజు లేని ఫ్లయింగ్ స్కూల్ అనుకుని ఎయిర్ ఫోర్స్‌లో చేరకండి. చేరాక మీ ఊపిరి మీద హక్కు మీది కాదు, ఆ సంగతి ఇష్టంగా ఒప్పుకున్నవాడికే అది సరిపడుతుంది. ఎయిర్‌లైనే మీ కోరికైతే నేరుగా వెళ్లండి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉంటే చాలు, ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్ దగ్గర పైలట్లని తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. ఖర్చు చాలా ఎక్కువ, అది అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకోవాలి. ఎయిర్ ఫోర్స్ మీదే మనసుంటే ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష రాయండి, ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, సెలెక్షన్ బోర్డులో పెట్టే పైలట్ టెస్ట్ జీవితంలో ఒక్కసారే. పోతే మళ్లీ రాయనివ్వరు. దానికి వెళ్లే ముందు రోజు మాత్రం టెన్షన్ పడకుండా బాగా నిద్రపోండి.

వేసవి సెలవులకి రండి. నా లాగ్‌బుక్కులు బీరువా పై అరలో ఉన్నాయి. పాతవాటిలో డ్యూటీ గళ్లో ఏం రాసుందో మీరే చదువుకోండి, ఎయిర్ డ్రాప్, పారా జంపులు, గాయపడ్డవాళ్లని తేవడం. తర్వాతి వాటిలో హైదరాబాద్, ఢిల్లీ, హైదరాబాద్, ఢిల్లీ, ఇరవై ఏళ్లు. రెండూ నా చేతిరాతే.

మీ తాతయ్య