రోమ్‌లో ఒక్క రోజు: అపోహలు – వాస్తవాలు

అపోహ: రోమ్ చిన్న ఊరే. కొలోసియం, వాటికన్ రెండూ ఒకే రోజు తీరిగ్గా చూసేయొచ్చు.

వాస్తవం: దూరాలు చిన్నవే, ఒప్పుకుంటాం. కొలోసియం నుంచి పాతకాలపు గుమ్మటం గుడి పాంథియన్‌కి నడిస్తే అరగంట కూడా పట్టదు. రోజంతా కరిగిపోయేది సెక్యూరిటీ క్యూల్లో. వాటికన్ మ్యూజియంల గ్యాలరీలన్నీ దాటుకుని మైకెలాంజెలో పైకప్పు చిత్రాలున్న సిస్టీన్ చాపెల్ చేరి బయటపడేసరికి మూడు గంటలు సులువుగా అయిపోతాయి. కొలోసియం, దాని పక్కనే ఉన్న పురాతన శిథిలాలు ఫోరమ్, పాలటైన్ కొండ కలిపితే మరో మూడు, మూడున్నర. రెండూ పెట్టుకుంటే సాయంత్రానికి కాళ్లు పీకడమే మిగులుతుంది. ఒక్క రోజే ఉంటే మా ఓటు పొద్దున్నే కొలోసియానికి. ఆ తర్వాత నడుచుకుంటూ పాంథియన్, నవోనా చౌక్, ట్రెవీ ఫౌంటెన్.

అపోహ: కొలోసియం టికెట్ అక్కడికెళ్లి కొనుక్కోవచ్చు.

వాస్తవం: సీజన్‌లో ఇది జూదమే. టికెట్లు అధికారిక వెబ్‌సైట్‌లో సుమారు నెల ముందు విడుదలవుతాయి, మంచి స్లాట్లు త్వరగా అయిపోతాయి. 18 యూరోల మామూలు టికెట్‌లోనే ఫోరమ్, పాలటైన్ కూడా ఉంటాయి. అరీనా (ఒకప్పుడు పోటీలు జరిగిన మధ్య వేదిక), దాని కింది నేలమాళిగ చూడాలంటే వేరే టికెట్ తీసుకోవాలి. 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితమే, కానీ వాళ్లకీ టికెట్ బుక్ చేయాల్సిందే. చాలామంది ఇది మర్చిపోతారు.

మనవాళ్లకు ఎక్కువగా ఇబ్బంది వచ్చేది పేరు దగ్గర. టికెట్ మీద ప్రతి ఒక్కరి పేరూ ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరం పెట్టి, పిలుపు పేరు రాసేస్తే అక్కడ వాదన తప్పదు. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే అక్షరం పొల్లు పోకుండా రాయండి.

అపోహ: ‘స్కిప్ ద లైన్’ (క్యూ తప్పించే) టికెట్ కొంటే నేరుగా లోపలికే.

వాస్తవం: తప్పేది టికెట్ క్యూ మాత్రమే. స్కానర్ క్యూలో అందరూ నిలబడాల్సిందే. పెద్ద బ్యాగులు, గాజు సీసాలు కొలోసియంలోకి రానివ్వరు. వాటిని ముందే హోటల్లో వదిలి రండి.

అపోహ: సిస్టీన్ చాపెల్ సెయింట్ పీటర్స్ చర్చి లోపలే ఉంటుంది.

వాస్తవం: కాదు. అది వాటికన్ మ్యూజియంలలో భాగం, దానికి టికెట్ కావాలి. చర్చి ప్రవేశం ఉచితం, ద్వారం సెయింట్ పీటర్స్ చౌక్ వైపు. ఒక ద్వారం నుంచి రెండో దానికి గోడ చుట్టూ పావుగంట నడక. రెండుచోట్లా భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. మగవాళ్ల షార్టులకూ ఇదే నియమం. మ్యూజియంలకు ఆదివారాలు సెలవు, నెలలో చివరి ఆదివారం మాత్రం మధ్యాహ్నం దాకా ఉచితం. ఆ రోజు రద్దీ చూస్తే డబ్బులిచ్చి ఇంకో రోజు వెళ్లడమే మేలనిపిస్తుంది.

అపోహ: పాంథియన్ ఉచితం.

వాస్తవం: 2023 జూలై నుంచి టికెట్ పెట్టారు. గుమ్మటం మధ్యలోని తొమ్మిది మీటర్ల గుండ్రటి కంతలోంచి వాన లోపలే పడుతుంది. ఆ నీళ్లు పోవడానికి నేలలో చిన్న రంధ్రాలున్నాయి, గమనించండి.

అపోహ: వీధి కుళాయి నీళ్లు తాగకూడదు.

వాస్తవం: ‘నాసోని’ అనే ఆ ఇనుప కుళాయిల నీళ్లు శుభ్రంగా తాగొచ్చు, చల్లగా ఉంటాయి. ధార కిందినుంచి వేలితో మూస్తే పైన చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, సీసా లేకపోయినా తాగొచ్చు.

అపోహ: స్పానిష్ మెట్ల మీద కాసేపు కూర్చుంటే ఎవరేమంటారు?

వాస్తవం: 2019 నుంచి నిషేధం. జరిమానా పడుతుంది.

అపోహ: మాంసం లేకపోతే శాకాహారమే.

వాస్తవం: చీజ్ దగ్గర జాగ్రత్త. రోమ్ వాళ్లు ఇష్టంగా తినే కాచో ఎ పెపె పాస్తాలో పడే పెకొరీనో రొమానో చీజ్‌ని గొర్రెపిల్లల పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో (పాలు గడ్డకట్టించే పదార్థం) తోడుపెడతారు. పర్మేజాన్‌కి దూడది. పట్టింపు ఉన్నవాళ్లకు చీజ్ లేని ‘పిజ్జా రోస్సా’ ఉంది, టమాటా సాస్ మాత్రమే వేస్తారు. ముక్కలు కోసి తూకానికి అమ్ముతారు. బోర్డు మీద ‘ఎత్తో’ అని ఉంటే అది వంద గ్రాముల ధర, కిలోది కాదు.