కరెంటు తీగ మీద ఎవరెవరు?

పిట్టల్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే బైనాక్యులర్స్ కొనాలి, కొల్లేరు దాకా వెళ్లాలి అనుకుంటారు చాలామంది. ఊరి బయట చేల మీదుగా పోయే కరెంటు తీగ చాలు. అక్కడ ఆకుల చాటు ఉండదు. కింద మిడత కదిలితే కనపడాలని పిట్టే వచ్చి అక్కడ కూర్చుంటుంది. రంగు సంగతి తర్వాత. ముందు అది తిండి కోసం ఎటు చూస్తోందో, ఎటు దూకుతోందో గమనించండి. సగం పని అయిపోయినట్టే.

ఎక్కువమంది తికమకపడేది రెండు నీలం పిట్టల దగ్గర. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు కనిపిస్తే శుభమంటాం. కానీ తీగ మీద ముడుచుకుని కూర్చున్నప్పుడు చూస్తే, ఇదేనా అది అనిపిస్తుంది. వీపు, రొమ్ము మట్టిరంగు, నెత్తిన కాస్త నీలం, నల్లటి ముక్కు. ఎగిరితేనే దాని అసలు రంగు బయటపడేది: రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలు పక్కపక్కనే విచ్చుకుంటాయి. లకుముకి అలా కాదు, కూర్చున్నా వీపు నీలంగానే మెరుస్తుంది. తల, పొట్ట చాక్లెట్ రంగు, గొంతు నుంచి రొమ్ము దాకా తెలుపు. ముక్కు మాత్రం ఎర్రగా, ఒంటికి మించినంత పెద్దగా ఉంటుంది. ఆ ముక్కు కనిపించాక ఇక అనుమానం అక్కర్లేదు.

చెరువు లేని చోట లకుముకికేం పని అంటారా? ఈ తెల్లరొమ్ము లకుముకి చేపల మీదే ఆధారపడదు. మిడతలు, కీచురాళ్లు, తొండలు, పీతలు, ఒక్కోసారి చిట్టెలుకలు, ఏది దొరికితే అది. గూడు మట్టిగట్టులో సొరంగం తవ్వి పెడుతుంది. నీళ్ల మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ ఆగి, నిలువునా దూకేది దీని చుట్టం, నలుపు తెలుపు లకుముకి. అది నీటిని వదిలి పెద్దగా రాదు. పాలపిట్ట దూకేదీ నేల మీదకే. పెద్ద పురుగులు, తేళ్లు, చిన్న కప్పలు దాని తిండి. గుడ్లు పెట్టేది చెట్టు తొర్రలో.

వీటికంటే చాలా చిన్నది పసిరిక పిట్ట. పచ్చటి ఒళ్లు, కంటి మీదుగా నల్లగీత, తోక మధ్య నుంచి పొడుచుకొచ్చిన రెండు సన్నటి ఈకలు. ఇది గాల్లోకి లేచి, పురుగును పట్టుకుని, మళ్లీ తీగ మీదకే వస్తుంది. తేనెటీగ దొరికితే వెంటనే మింగదు. ముక్కు కొసన అడ్డంగా పట్టుకుని తీగకేసి టపటపా బాదుతుంది. ఆపైన దాని వెనక భాగాన్ని తీగకు రాస్తుంది, కొండిలో విషం పోయేదాకా. అప్పుడు గుటుక్కున మింగుతుంది. కాసేపు ఓపిగ్గా నిలబడితే ఇదంతా మామూలు కళ్లకే కనిపిస్తుంది.

నల్లగా నిగనిగలాడుతూ, తోక చివర రెండుగా చీలి ఉంటే అది ఏట్రింత. పసుల పోలిగాడు అని కూడా అంటారు. గేదెలు మేస్తుంటే, ట్రాక్టరు దున్నుతుంటే లేచే పురుగుల కోసం వెంటబడుతుంది. బరువులో కాకికి ఏ మూలకూ చాలదు గానీ, గూటి దగ్గరకొస్తే కాకినీ గద్దనూ కూడా తరిమికొడుతుంది. ఆ ధైర్యం చూసుకునే గువ్వలు, వంగపండు పిట్టలు అదే చెట్టు మీద గూళ్లు కడుతుంటాయి.

దసరాకు పాలపిట్టల్ని పట్టి పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించేవాళ్లూ ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. తీగ మీద ఊరికే దొరికే దర్శనానికి డబ్బులిచ్చేవాళ్లను ఏమనాలో!

తీగ మీద ఉన్నవన్నీ వేటగాళ్లేం కావు. గువ్వలు గింజలు తింటాయి, తీగ వాటికి కాసేపు కూర్చునే చోటు, అంతే. కోతలప్పుడు తారురోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు కదా, ఆ పైన తీగ మీద గువ్వలు బారుగా కూర్చున్నాయంటే వాటి చూపు ఆ వడ్ల మీదే.