శ్రుతి కలవని కర్ణభేరి

సిరిమానోత్సవం రోజున విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నిలబడితే పక్కవాడి మాట వినపడదు, డప్పుల మోత అంతలా ఉంటుంది. ఆ మోతకు చెవిలో కర్ణభేరి ఎంత కదులుతుందంటారు? 94 డెసిబెల్స్ శబ్దం, 1000 హెర్ట్జ్ స్వరం అనుకుని లెక్క కడితే దాని మధ్యభాగం ఊగేది సుమారు 15 నానోమీటర్లు. మిల్లీమీటరును దాదాపు 67 వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క! మామూలు మాటలకైతే ఆ కదలిక ఒకటి రెండు పరమాణువుల వెడల్పు దాటదు.

మరి దీన్ని కొలిచేదెలా? కర్ణభేరి మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. దానికి ఏది ఆనించినా ఆ బరువుకే కదలిక మారిపోతుంది. అందుకే హంగేరీ శాస్త్రవేత్త బెకెషి దాన్ని తాకనే లేదు. 1941లో ఆయన శవాల చెవుల్లో, పొరకు బాగా దగ్గరగా ఒక సన్నని లోహపు మొన ఉంచి, రెంటి మధ్య కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవ ఉంచే సామర్థ్యం, దూరం మారితే అదీ మారుతుంది) ఎలా మారుతోందో చూసి కదలికను లెక్కగట్టాడు. సుమారు 2400 హెర్ట్జ్ దాకా కర్ణభేరి ఒక గట్టి పలక మాదిరి, పై అంచు దగ్గర కీలు ఉన్నట్టు, మొత్తం ఒకేసారి ఊగుతుందని తేల్చాడు. 1961లో నోబెల్ అందుకున్న మనిషి (అది లోపలి చెవి మీద చేసిన పనికి). ఆయన మాటకు ముప్పై ఏళ్ల పాటు తిరుగు లేకపోయింది.

1972లో కొలంబియా విశ్వవిద్యాలయంలో టాన్‌డార్ఫ్, ఖన్నా పిల్లి చెవి మీద లేజర్ హోలోగ్రఫీ ప్రయోగించారు. ఊగుతున్న పొర మొత్తాన్ని ఒకేసారి చిత్రం తీస్తే దాని మీద నల్లటి, తెల్లటి చారలు పడతాయి. ఒకే చార మీద ఉన్న చోట్లన్నీ ఒకే మేర ఊగుతున్నట్టు లెక్క. చారలు కనపడాలంటే మాత్రం చాలా గట్టి శబ్దం కావాలి. వాళ్లకు పలక ఎక్కడా కనిపించలేదు. కర్ణభేరికి అతుక్కుని ఉండే కూటకం అనే సుత్తి ఎముక పిడికి రెండు వైపులా పొర ఎక్కువగా ఊగుతోంది, వెనక వైపు మరీ ఎక్కువ. పిడి కదలిక అంతకంటే తక్కువ. సుమారు 3000 హెర్ట్జ్ దాటాక పొర అనేక ముక్కలుగా విడిపోయి దేని దారిన అది ఊగుతోంది. మనిషి శవాల చెవుల్లోనూ ఇదే వరస. బెకెషిని తప్పుపట్టడం తేలికే గానీ, ఒక్కో చోటూ తడుముకుంటూ గీసిన పటానికి అంతకంటే ఏం తెలుస్తుంది?

ఈ గందరగోళం వల్ల చెవికి లాభమేమిటి? డప్పును మంట దగ్గర కాచి బిగిస్తారు, దాని గొంతు దానికి ఉండాలి కాబట్టి. కర్ణభేరికి అలాంటి గొంతు ఉంటే ఆ ఒక్క స్వరమే పెద్దగా వినిపించి మిగతావి వెనకబడతాయి. పొరలో ఒక్కో భాగం ఒక్కో పౌనఃపున్యానికి (సెకనుకు ఎన్ని ఊపులో ఆ లెక్క, హెర్ట్జ్‌లలో చెప్పేది) అనునాదం చెందితే, అంటే ఆ స్వరానికే ఎక్కువగా ఊగితే, ఆ ఎగుడుదిగుళ్లన్నీ కూటకం దగ్గర కలిసి చదునవుతాయనీ, ఎక్కువ పౌనఃపున్యాలు కూడా బాగా అందుతాయనీ స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2006లో పిల్లి చెవి నమూనాతో లెక్కించి చూపారు. నాకు తెలిసి దీనికంటే అందమైన వివరణ లేదు.

బతికున్న మనిషి చెవిలో కొలవడానికి లేజర్ డాప్లర్ పరికరం వచ్చింది. పొర మీద పడి వెనక్కి వచ్చే కాంతి పౌనఃపున్యం రవ్వంత మారుతుంది. ఇందాకటి 94 డెసిబెల్స్ శబ్దానికి ఆ మార్పు సుమారు 300 హెర్ట్జ్. ఎర్ర లేజర్ అసలు పౌనఃపున్యమేమో దాదాపు 4.7 కోట్ల కోట్ల హెర్ట్జ్! అందుకే లేజర్‌లో కొంత కాంతిని ముందే పక్కకు తీసి, వెనక్కి వచ్చినదానితో కలుపుతారు. రెండూ కలిసినప్పుడు పుట్టే విస్పందనాలను, అంటే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే హెచ్చుతగ్గులను పట్టుకుంటే తేడా తేలిపోతుంది.

ఇంతా చేసి డాక్టర్లకు కావలసింది మళ్లీ ఒక్క బిందువే, కూటకం పిడి చివర. కర్ణభేరి కదలికను లోపలి చెవికి చేర్చే మూడు చిన్న ఎముకల గొలుసు మొదలయ్యేది అక్కడే. చెవి ఎముకల గొలుసు తెగినా, దాని చివరి ఎముక కర్ణాంతరాస్థి బిగుసుకుపోయినా మామూలు వినికిడి పరీక్షలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. లేజర్‌తో చూస్తే గొలుసు తెగిన చెవిలో ఆ బిందువు మామూలు కంటే ఎక్కువ ఊగుతుంది, బిగుసుకుపోయిన చెవిలో కాస్త తక్కువ.